బాంబు రోబోకి బుర్ర ఉంటుందా అన్నా? – ఈ నెల మీ ప్రశ్నలు

పోయిన సంచికలో బాంబ్ సూట్ వేసుకుని మే నెల ఎండలో నడవడం గురించి నాలుగు ముక్కలు రాశాను కదా, 35 కిలోల పైన బరువు, లోపల చెమట బూట్లలోకి కారుతుంటుంది అని. దానికొచ్చిన ఉత్తరాల్లో సగం మంది అడిగింది ఒక్కటే, "ఇంకా మనిషెందుకండీ, రోబోలున్నాయిగా" అని. సరే, ఈ నెలంతా ఆ బండి సంగతే. నేను మద్రాస్ సాపర్స్‌లో (ఆర్మీలో వంతెనలు కట్టే, మందుపాతరలు తీసే దళం) చేసి రిటైరైనవాణ్ణి, ఇంజనీర్ని కాదు, కాబట్టి సర్క్యూట్ బొమ్మలు గీయమంటే నా వల్ల కాదు, చేతికి తగిలింది, కంటికి కనిపించింది మాత్రం చెప్తాను. పేర్లు వద్దన్నవాళ్ళు ఎక్కువమంది ఉన్నారు కాబట్టి ఊళ్ళు మాత్రమే వేస్తున్నాం.

ప్ర: అన్నా, బాంబు రోబోలో ఏఐ ఉంటుందా? అదే చూసుకుని ఏ వైరు కట్ చెయ్యాలో అదే డిసైడ్ చేస్తుందా? (ఇంటర్ సెకండియర్ కుర్రాడు, చీరాల)

జ: లేదు తమ్ముడూ. అది రిమోట్ కారు లాంటిదే, కాకపోతే బాగా ఖరీదైన, బాగా మొండి రిమోట్ కారు. దాని వెనక ఎక్కడో గోడ చాటునో వ్యాన్‌లోనో ఒక మనిషి స్క్రీన్ చూస్తూ జాయ్‌స్టిక్ తిప్పుతూ కూర్చుంటాడు, ఆ మనిషి బుర్రే దాని బుర్ర.

నేను మొదటిసారి ఇలాంటి బండి నడిపినప్పుడు మా ఉస్తాద్ (ఆర్మీలో ట్రైనింగ్ ఇచ్చేవాణ్ణి అలాగే పిలుస్తాం) నేల మీద ఒక వాటర్ బాటిల్ పెట్టి దాన్ని తీసుకొచ్చి బకెట్లో వెయ్యమన్నాడు. నవ్వొచ్చింది, ఇదేం పని అని. తీరా చూస్తే కెమెరాలో బాటిల్ కనిపిస్తోంది, గ్రిప్పర్ (రోబో చేతి చివర పట్టకారు) కనిపిస్తోంది, రెండిటికీ మధ్య ఎంత దూరం ఉందో మాత్రం తెలియదు, ఎందుకంటే స్క్రీన్ మీద లోతు ఉండదు కదా, ఒక కన్ను మూసుకుని సూదిలో దారం ఎక్కించి చూడు నీకే తెలుస్తుంది. నేను గ్రిప్పర్ మూసిన ప్రతిసారీ గాలిని పట్టుకుంటున్నాను, పట్టుకోలేదు అనుకుని ముందుకు తోస్తే బాటిల్ పడిపోతోంది, పడిపోయింది దొర్లుతోంది, దాని వెనక నా బండి. ఉస్తాద్ రెండు టీలు తాగాడు ఈలోపు. చివరికి నేల మీద పడే గ్రిప్పర్ నీడని చూస్తూ దూరం అంచనా వెయ్యడం నేర్పించాడు, నీడా వస్తువూ కలిసినప్పుడు మూసెయ్ అని. ఇదీ మన ఏఐ.

అసలీ బండి పుట్టుక కథ వింటే నీకింకా నచ్చుతుంది. 1972లో నార్తర్న్ ఐర్లండ్‌లో కార్లలో బాంబులు పెట్టి వదిలేసేవాళ్ళు, వాటిని తియ్యడానికి వెళ్ళిన బ్రిటిష్ ఆర్మీ వాళ్ళు వరసగా చనిపోతున్నారు. పీటర్ మిల్లర్ అనే లెఫ్టినెంట్ కల్నల్‌కి, అప్పుడెప్పుడో ఇంట్లో గడ్డి కోసే మెషీన్ని మేకుకి తాడు కట్టి దానంతట అదే తిరిగేలా చేసిన సంగతి గుర్తొచ్చి, అలాంటి మెషీన్ కోసం తోట సామాన్ల షాపుకెళ్ళాడు. షాపువాడు గడ్డి మెషీన్ కాదు సార్, మా దగ్గర కరెంటుతో నడిచే వీల్‌బారో ఉంది, దాని చాసిస్ తీసుకెళ్ళండి అన్నాడు. వీల్‌బారో అంటే మన మట్టి తోసే ఒంటిచక్రం బండి అనుకో. దానికి కొక్కెం తగిలించి, మొదట్లో తాళ్ళతో తిప్పుతూ, బాంబున్న కారుకి తగిలించి లాగేద్దామన్నది ఆలోచన. ఆ పేరే ఉండిపోయింది, వీల్‌బారో అని, ఇప్పటికీ ఆ వంశంలో కొత్త మోడళ్ళు వస్తూనే ఉన్నాయి. మొదటి ఆరేళ్ళలో అలాంటివి 400 పైచిలుకు పేలిపోయాయని లెక్క చెప్తారు. 400 బళ్ళు పోతే పోయాయి అనుకోగలగడం కోసమే కదా దాన్ని చేసింది.

ప్ర: సార్, సినిమాల్లో ఎర్ర వైరా నీలం వైరా అని హీరో చెమటలు కక్కుతాడు. నిజంగా రోబో అయితే ఎలా తీస్తుంది? నీళ్ళు కొట్టి తీస్తారని ఎవరో అన్నారు, నీళ్ళకి బాంబు ఆరిపోతుందా? (ప్రైవేటు ఉద్యోగి, దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్)

జ: మీ ఏరియా పేరు చూసి ఒక్క క్షణం ఆగాను. 2007 ఆగస్టు 25న గోకుల్ చాట్, లుంబినీ పార్కుల్లో పేలినవి అందరికీ గుర్తే, 42 మంది పోయారు, కానీ అదే రాత్రి మీ దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌బ్రిడ్జి దగ్గర పేలకుండా దొరికిన మూడోదాన్ని మన బాంబ్ స్క్వాడ్ వాళ్ళు నిర్వీర్యం చేశారన్నది చాలామందికి గుర్తుండదు. పేలని బాంబుకి ఫొటో ఉండదు, అదే బాధ.

ఇప్పుడు మీ ప్రశ్నకొస్తే, వైర్ల ఎంపిక అన్నది సినిమా వాళ్ళ సొంత పైత్యం. తయారు చేసినవాడు ఏ రంగు వైరు చేతికందితే అది వాడతాడు, వాడికి మనకి కోడ్ ఏముంటుంది? నీళ్ళ సంగతి మాత్రం నిజం. కానీ ఆర్పడానికి కాదు. రోబో చేతికి ఒక పొట్టి గొట్టం తగిలిస్తారు, డిస్రప్టర్ అంటాం. గొట్టంలో కొంచెం నీళ్ళు, వెనక బుల్లెట్ లేని తూటా. తూటా పేలితే ఆ నీళ్ళు బల్లెంలా బయటికొస్తాయి, బ్యాగుని గుచ్చి లోపలున్న బ్యాటరీ ఒక పక్కకి, టైమర్ ఒక పక్కకి, డిటొనేటర్ (మందుని పేల్చే చిన్న గొట్టం) ఒక పక్కకి చెదరగొట్టేస్తాయి. సర్క్యూట్‌కి కలిసి డిటొనేటర్ని కాల్చే టైం దొరికేలోపే ముక్కలైపోవాలి, అంతే, ఇదంతా వేగం మీద ఆడే ఆట. నీళ్ళే ఎందుకంటే నొక్కితే కుంచించుకుపోవు, నిప్పురవ్వ రాదు, రాయి ముక్కో ఇనుప ముక్కో కొడితే ఆ దెబ్బకే మందు పేలే ప్రమాదం ఎక్కువ, నీళ్ళతో ఆ ప్రమాదం తక్కువ. తక్కువ అన్నాను, లేదు అనలేదు, గమనించండి. అందుకే ఆ తూటా పేల్చే బటన్ నొక్కేముందు అందరూ చాటుకెళ్ళాలి.

అది కూడా ఎక్కడ పడితే అక్కడ కొట్టకూడదు. ముందు రోబో చేతిలోని ఎక్స్‌రే ప్లేటు బ్యాగు వెనక పెట్టి లోపల ఏది ఎక్కడుందో చూసుకుని, బ్యాటరీ ఉన్న మూలకి గురిపెట్టాలి. ఆ గురి పెట్టే పనే గంట పడుతుంది ఒక్కోసారి. టీవీ వాళ్ళు "రోబో రంగంలోకి దిగింది" అని బ్రేకింగ్ వేసేసి తర్వాత అరగంట బోర్ కొట్టి యాడ్స్‌కి వెళ్ళిపోతారు చూడండి, ఆ అరగంటే అసలు పని.

ప్ర: బాబాయ్ గారూ, మా తమ్ముడు సీఆర్‌పీఎఫ్‌లో ఉన్నాడు, కర్రెగుట్టల ఆపరేషన్ టైంలో ఇంట్లో అమ్మ అన్నం తినలేదు. అన్ని మందుపాతరలున్న చోటికి మా పిల్లాణ్ణి ఎందుకు పంపాలి, రోబోల్ని పంపొచ్చుగా? (గృహిణి, ఖమ్మం)

జ: అమ్మా, మీ అమ్మగారికి నా తరఫున నమస్కారం చెప్పండి. ఈ ప్రశ్నకి సమాధానం మీకు నచ్చకపోవచ్చు, అయినా ఉన్నదున్నట్టు చెప్తాను.

2025 ఏప్రిల్‌లో, ములుగు జిల్లా వెంకటాపురం, వాజేడు వైపు నుంచి ఛత్తీస్‌గఢ్ బీజాపూర్ వైపుకి పరుచుకున్న ఆ గుట్టల మీద మందుపాతరలు పెట్టాం, గ్రామస్తులు అటు రావొద్దు అని మావోయిస్టులే లెటర్ వదిలారు, మీకు తెలిసే ఉంటుంది. మూడు వారాల ఆపరేషన్ తర్వాత సుమారు 450 ఐఈడీలు (సొంతంగా తయారుచేసి పెట్టిన బాంబులు) తీశామని బలగాలు ప్రకటించాయి. అంటే రోజుకి ఇరవై పైనే. ఆ గుట్ట మీద ఒక్కసారి ఊహించుకోండి, నిట్టనిలువు బండ, మధ్యలో వెదురు పొదలు, ఎండుటాకు పాదం మునిగేంత, 40 డిగ్రీల పైన ఎండ. మంచి రోబో బండి మెట్లెక్కుతుంది, నిజమే, కానీ మెట్లంటే బిల్డింగ్ మెట్లు, ఒకే ఎత్తు ఒకే వెడల్పు. బండరాళ్ళ మధ్య దాని ట్రాక్‌లో (ట్యాంకు చక్రాల చుట్టూ ఉండే పట్టీ లాంటిది) ఒక వెదురు ముక్క ఇరుక్కుంటే ఎవడో ఒకడు వెళ్ళి తియ్యాలి. ఆ వెళ్ళేవాడు ఎక్కడ కాలు పెట్టాలి? మళ్ళీ మొదటికొచ్చాం.

రెండోది, రోబో బాంబుని తీస్తుంది కానీ వెతకడం దానికి పెద్దగా చేతకాదు. రోడ్డు మీద బ్యాగు కనిపించింది, అందరూ పారిపోయారు, అప్పుడు పంపిస్తే సూపర్. మట్టిలో కప్పెట్టి పైన ఆకులేసి మూడు వానలు పడ్డాక ఎక్కడుందో తెలియని దాన్ని వెతకాలంటే మనిషి కళ్ళు, డిటెక్టర్, కుక్క ముక్కు కావాలి. మీ తమ్ముణ్ణి అడగండి, రోడ్ ఓపెనింగ్ పార్టీ అంటే ఏంటో చెప్తాడు, పొద్దున్నే కాన్వాయ్ కదలకముందు రోడ్డుకి రెండు పక్కలా నడుస్తూ కొత్తగా తవ్విన మట్టి రంగు, వంగిన గడ్డి, చెట్టు మొదట్లో వైరు, కల్వర్టు కింద తేడా, ఇవన్నీ చూసుకుంటూ పోతారు. ఆ చూపు ఇంకా ఏ కెమెరాకీ పూర్తిగా రాలేదు.

కుక్కల మాట వచ్చింది కాబట్టి, ఆ ఆపరేషన్లోనే రోలో అని రెండేళ్ళ సీఆర్‌పీఎఫ్ కుక్క పోయింది. బాంబు పేలి కాదమ్మా, తేనెటీగలు కుట్టి, 200 దాకా కుట్టాయట. ఏ ప్లాన్‌లోనూ లేని ప్రమాదం. అడవిలో మందుపాతర ఒక్కటే శత్రువు కాదు.

అయినా అసలు లాభం లేదని కాదు. దొరికిన తర్వాత దాన్ని అక్కడే పేల్చెయ్యాలా తియ్యాలా అన్నప్పుడు, రోడ్డు కింద కల్వర్టులోకి తొంగి చూడాల్సి వచ్చినప్పుడు చిన్న రోబో ఉంటే ఒక మనిషి పాక్కుంటూ వెళ్ళే పని తప్పుతుంది. భుజానికి తగిలించుకుని పోగలిగే 20 కిలోల సైజువి ఉన్నాయి. 2025 జనవరిలో పుణేలో జరిగిన ఆర్మీ డే పరేడ్‌లో నాలుగు కాళ్ళ రోబో కుక్కలు కూడా నడిచాయి, చక్రాలకి లొంగని చోట కాళ్ళు పనికొస్తాయన్నది ఆలోచన. పరేడ్ గ్రౌండ్ చదునుగా ఉంటుంది, గుట్ట చదునుగా ఉండదు, చూద్దాం.

ప్ర: మాస్టారూ, నేను మెకట్రానిక్స్ డిప్లొమా చేస్తున్నాను. మన దేశంలో తయారైన 'దక్ష్' గురించి చెప్పండి, దాంట్లో కష్టమైన పార్ట్ ఏది? (విద్యార్థి, గాజువాక, విశాఖపట్నం)

జ: దక్ష్ అనే ఈ బాంబు రోబోని డీఆర్‌డీఓ (మన రక్షణ పరిశోధన సంస్థ) వాళ్ళ పుణే ల్యాబ్ చేసింది, ఆ ల్యాబ్‌ని మేం ఆర్ అండ్ డీఈ అనేవాళ్ళం, సాపర్లకి కావలసిన వంతెనలు అవీ కూడా వాళ్ళే చేస్తారు. ఆర్మీ 20 కావాలంది, 2011 చివర్లో మొదటి అయిదు చేతికొచ్చాయి. 500 మీటర్ల దూరం నుంచి నడపొచ్చు, బ్యాటరీ ఒకసారి నింపితే మూడు గంటలు, మెట్లెక్కుతుంది, ఎక్స్‌రే ఉంటుంది, నీళ్ళ గొట్టం ఉంటుంది, తలుపు తాళం బద్దలుకొట్టడానికి షాట్‌గన్ ఉంటుంది, అనుమానం ఉన్న కారుని లాక్కుపోతుంది. తర్వాత అదే ల్యాబ్ బస్సు సీట్ల మధ్య, రైలు బోగీలో, విమానంలో దూరేలా సన్నగా ఇంకోటి చేసింది, ఎందుకంటే దక్ష్ ఒళ్ళు పెద్దది, బస్సులో నడవాలో పట్టదు.

ఇక కష్టమైన పార్ట్ అంటావా, నువ్వు చెయ్యి అనుకుంటావు, గేర్లు మోటార్లు అనుకుంటావు. నన్నడిగితే లింకు బాబూ. రేడియో లింకు.

ఎందుకో చెప్తాను. బాంబు పెట్టినవాడు సెల్‌ఫోన్‌తోనో రిమోట్‌తోనో పేల్చొచ్చు, కాబట్టి టీమ్ వెళ్ళగానే మొదట చేసేది జామర్ ఆన్ చెయ్యడం. జామర్ ఆన్ చేస్తే చుట్టుపక్కల సిగ్నల్స్ అన్నీ నోరు మూసుకుంటాయి. ఇప్పుడు చెప్పు, నీ రోబో దేనితో నడుస్తోంది? అది కూడా సిగ్నల్‌తోనే! అంటే శత్రువు రిమోట్‌ని చంపితే మన రిమోట్ కూడా చస్తుంది. అప్పుడు ఫ్రీక్వెన్సీల్లో మనకంటూ ఒక సందు వదిలి మిగతాదంతా మూసే జామర్ కావాలి, లేదంటే బండి వెనక ఫైబర్ కేబుల్ కట్టి పంపాలి. కేబుల్ కట్టావనుకో, మూల తిరిగినప్పుడు ఇరుక్కుంటుంది, వెనక్కి వచ్చేటప్పుడు దాని చక్రం కిందే పడుతుంది, ఇంకెవడో తొక్కుతాడు. రెండో ప్రపంచ యుద్ధంలోనే జర్మన్లు గోలియత్ అని వైరుతో నడిచే చిన్న ట్రాక్ బండిలో మందు నింపి ట్యాంకుల కిందకి పంపేవాళ్ళు, అవతలివాళ్ళకి విషయం తెలిశాక వైరు తెగ్గొట్టడమే పనిగా పెట్టుకున్నారు. ఎనభై ఏళ్ళైనా తోక బాధ తోక బాధే.

పైగా కాంక్రీటు బిల్డింగ్‌లోకి రెండు గోడలు దాటి వెళ్ళిందంటే వీడియో గడ్డకట్టడం మొదలవుతుంది, సరిగ్గా మెట్ల మధ్యలో. ఫైనలియర్ ప్రాజెక్టుకి రోబో చెయ్యి అందరూ చేస్తారు, నువ్వు సిగ్నల్ పోయినప్పుడు బండి ఏం చెయ్యాలి, ఆగాలా వచ్చిన దారిలోనే వెనక్కి రావాలా అన్నది చేసి చూపించు, ఇంటర్వ్యూలో వాళ్ళే నిన్ను ఎక్కువసేపు కూర్చోబెడతారు.

ప్ర: మేము డల్లాస్‌లో ఉంటాం. 2016లో ఇక్కడి పోలీసులు బాంబు రోబోతోనే ఒక మనిషిని చంపారు, అప్పట్లో మా తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో పెద్ద గొడవ. మీరేమంటారు? (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, టెక్సాస్)

జ: తెలియనివాళ్ళ కోసం: ఆ ఏడాది జులై 7 రాత్రి డల్లాస్‌లో ఒకడు పోలీసుల మీద కాల్పులు జరిపి అయిదుగురిని చంపి ఒక కాలేజీ బిల్డింగ్‌లో దూరాడు. గంటల తరబడి మాట్లాడినా లొంగలేదు. చివరికి పోలీసులు తమ బాంబు రోబో చేతికి అరకిలో లోపు సీ-4 మందు కట్టి వాడున్న గోడ అవతలికి పంపి పేల్చారు. అమెరికా పోలీసులు రోబోతో మనిషిని చంపడం అదే మొదలు.

ఆ రాత్రి ఆ ఆఫీసర్ కుర్చీలో నేనుంటే ఏం చేసేవాణ్ణో చెప్పలేను, అయిదుగురు పోయాక ఆరోవాణ్ణి పంపమని చెప్పడం తేలిక కాదు. కానీ ఒక సాపర్‌గా నాకు అది మింగుడుపడలేదు. ఈ బండి పుట్టిందే మనిషికీ మందుకీ మధ్య దూరం పెంచడానికి. అదే బండితో మందుని మనిషి దగ్గరికి చేర్చడమంటే అంబులెన్స్‌తో గుద్దించినట్టుంటుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. ఇళ్ళల్లో దాక్కున్నవాళ్ళ దగ్గరికి రోబోతో ఫోన్ పంపడం, నీళ్ళు పంపడం, మాట్లాడించడం పోలీసులకి అలవాటు. రోబో వస్తోందంటే పేల్చడానికే అని ఒకసారి నాటుకుంటే లోపలున్నవాడు ఫోన్ తీసుకుంటాడా? శాన్‌ఫ్రాన్సిస్కోలో నగర పాలక మండలి వాళ్ళు 2022 నవంబరులో ఇలాంటి వాడకానికి సరే అని ఓటేసి, జనం గోల చేశాక డిసెంబరులో వెనక్కి తీసుకున్నారు. వాట్సాప్ గ్రూపుల్లో గొడవ మాత్రం వెనక్కి తీసుకోలేం లెండి.

ప్ర: సోల్జర్లు రోబో పేలిపోతే ఏడుస్తారని చదివాను, నిజమా? లేక సోషల్ మీడియా కబుర్లా? (టీచర్, గుంటూరు)

జ: ఏడుస్తారో లేదో గానీ పేర్లు మాత్రం పెడతారు. అమెరికాలో జూలీ కార్పెంటర్ అనే ఆవిడ 23 మంది మిలిటరీ బాంబు డిస్పోజల్ వాళ్ళతో మాట్లాడి పరిశోధన చేసింది. పోయిన రోబో గురించి కోపం, బాధ ఉన్నాయని వాళ్ళే చెప్పారు. ఇరాక్‌లో ప్యాక్‌బాట్ అనే చిన్న రోబోకి ఒక టీమ్ స్కూబీ డూ అని పేరు పెట్టుకుంది, అది తీసిన ప్రతి బాంబుకీ దాని తల మీద గీత గీసేవాళ్ళు. అది పేలిపోతే ముక్కలు తెచ్చి రిపేర్ చెయ్యమని బతిమాలాడు ఒకడు. కొత్తది ఇస్తాం అంటే, కొత్తది వద్దు, నాకు స్కూబీ డూనే కావాలి అన్నాడట. ప్యాక్‌బాట్ చేసిన కంపెనీయే ఇళ్ళల్లో ఊడ్చే రూంబా కూడా చేసింది, అంటే మీ ఇంట్లో సోఫా కింద తిరిగేదానికి ఇరాక్‌లో పెద్దన్న ఉన్నాడన్నమాట. 2011లో జపాన్ ఫుకుషిమా అణుకేంద్రంలో మనుషులు వెళ్ళలేని రేడియేషన్లోకి ముందు తలుపు తీసుకుని వెళ్ళింది కూడా ఆ ప్యాక్‌బాట్‌లే.

ఇంకొకటి, ఇది నాకు బాగా గుర్తుండిపోయింది. మార్క్ టిల్డెన్ అనే సైంటిస్టు పుల్లపురుగులా బోలెడు కాళ్ళున్న రోబో చేసి మైన్లు తొక్కించి చూశాడు, ఒక మైన్ తొక్కితే ఒక కాలు పోతుంది, మిగతా కాళ్ళతో లేచి ఇంకో మైన్ కోసం పోతుంది. చివరికి ఒకే కాలుతో ఈడ్చుకుంటూ పోతుంటే చూస్తున్న కల్నల్ ఆపెయ్యండి అన్నాడు. ఎందుకు, బాగానే పనిచేస్తోందిగా అంటే, ఇది అమానుషం, నేను చూడలేను అన్నాడు. ఇనుముని చూసి. నేను నవ్వను దాని మీద. మా ఊళ్ళో ట్రాక్టర్ అమ్మేసిన రోజు మా నాన్న దానికి పసుపూ కుంకుమా పెట్టి పంపించాడు, మరి అదేంటి?

ప్ర: నేను ఉక్రెయిన్‌లో మెడిసిన్ చదువుతూ 2022లో ఆపరేషన్ గంగాలో తిరిగొచ్చాను. మా హాస్టల్ వెనక పొద్దుతిరుగుడు పొలాలుండేవి, ఇప్పుడు అన్నీ మైన్లే అంటున్నారు. వాటిని కూడా ఈ రోబోలే తీస్తాయా? (డాక్టర్, విజయవాడ)

జ: వాటిది వేరే జాతి డాక్టరు గారూ. బ్యాగులో బాంబు తీసేది కంసాలి పనైతే పొలంలో మైన్లు తీసేది దున్నేవాడి పని. దీనికి పెద్ద పెద్ద రిమోట్ బళ్ళుంటాయి, క్రొయేషియా వాళ్ళ ఎంవీ-4 అని ఒకటుంది, అయిదు టన్నుల పైనే, ఉక్రెయిన్లో వాడుతున్నారు. క్రొయేషియాలో తొంభైల్లో యుద్ధం జరిగి దేశమంతా మైన్లు మిగిలిపోయాయి, ఆ అవసరంలోంచి పుట్టిన బండి అది. ముందు ఒక రోలర్, దానికి గొలుసులు, గొలుసుల చివర సుత్తులు, అవి గిరగిరా తిరుగుతూ నేలని చావబాదుతూ పోతాయి. మైన్ ఉంటే అక్కడే పేలుతుంది లేదా ముక్కలవుతుంది. నడిపేవాడు దూరంగా ఉంటాడు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ట్యాంకు మైన్ ఉంటుంది, రష్యా టీఎం-62 లాంటిది, లోపల ఏడున్నర కిలోల మందు. మనిషి నడిస్తే సాధారణంగా పేలదు, బరువు చాలదు, ట్రాక్టర్ ఎక్కితే పేలుతుంది. అందుకే యుద్ధం అటు జరిగిపోయాక రైతు చస్తాడు, సైనికుడు కాదు. సీతాకోకచిలుక ఆకారంలో ఆకాశం నుంచి చల్లే ప్లాస్టిక్ మైన్లు ఇంకో రకం, అరచేతిలో పట్టేంత, పిల్లలు బొమ్మ అనుకుని ముట్టుకుంటారు. ఖార్కివ్ ప్రాంతంలో ఒక రైతు ప్రభుత్వం వచ్చేదాకా ఆగలేక, పాడైపోయిన రష్యా యుద్ధ వాహనాల రేకులు పీకి తన ట్రాక్టర్‌కి కవచంగా బిగించి, రిమోట్ పెట్టి పొలం తిప్పాడు. ఆ వార్త చూసి నాకు మన గోదావరి జిల్లాల వెల్డింగ్ షాపులు గుర్తొచ్చాయి, మనోడైనా అదే చేస్తాడు.

కానీ బండి తిరిగినంత మాత్రాన పొలం క్లియర్ అని సంతకం పెట్టరు. గుంతలో దాక్కున్నది, గట్టు పక్కన ఉన్నది, సుత్తి దెబ్బకి పక్కకి ఎగిరిపడ్డది మిగిలిపోతాయి. వెనక మళ్ళీ మనిషి డిటెక్టర్‌తో, ఆ తర్వాత ప్రాడర్‌తో రావాల్సిందే. ప్రాడర్ అంటే సన్న ఇనుప చువ్వ. మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని నిటారుగా కాదు, 30 డిగ్రీల వాలుగా మట్టిలోకి మెల్లగా గుచ్చాలి, ఎందుకంటే మైన్‌కి నొక్కుడు పైన ఉంటుంది, వాలుగా గుచ్చితే చువ్వ దాని పక్క గోడకి తగులుతుంది, పైన కాదు. తగిలితే ఆగాలి. గుచ్చు, తీ, కొంచెం పక్కన గుచ్చు, తీ. ఒక మీటరు ముందుకు పోయేసరికి నడుము పట్టేస్తుంది, చెమట కళ్ళల్లోకి దిగుతుంది, తుడుచుకోడానికి చువ్వ కింద పెట్టాలి, ఎక్కడ పెట్టాలో ఆలోచించి పెట్టాలి. నేను కలలో ఇప్పటికీ గుచ్చుతుంటాను, మా ఆవిడ తిడుతుంది దుప్పటి చింపుతున్నావని.

మన దగ్గర కూడా చెన్నై దగ్గర ఆవడిలోని సీవీఆర్‌డీఈ (డీఆర్‌డీఓ వాళ్ళ యుద్ధ వాహనాల ల్యాబ్) వాళ్ళు ముంత్ర అని మనుషుల్లేకుండా నడిచే ట్రాక్ వాహనం చేశారు, బీఎంపీ అనే సైనికుల్ని మోసే కవచ వాహనం మీద కట్టింది, దాంట్లో మైన్లు వెతికే రకం ఒకటి. నేను దాన్ని నడపలేదు కాబట్టి గొప్పలు చెప్పను.

ప్ర: అయ్యా, మాది అన్నమయ్య జిల్లా. మామిడి తోటలో గట్టు పక్కన దారం చుట్టిన ఉండ లాంటిది కనిపించింది, అడవి పందులకి పెట్టే నాటు బాంబేమో అని అనుమానం. మా పక్కింటి ఆయన బకెట్ నీళ్ళలో వేస్తే చచ్చిపోతుంది అంటున్నాడు. నిజమేనా? మాకు రోబో ఎక్కడొస్తుంది చెప్పండి. (రైతు)

జ: మీ ఉత్తరం ఈ సంచికలో రావడానికి ఇన్ని రోజులు పడుతుంది కాబట్టి మీకు ఫోన్ చేసి చెప్పేశాం, అయినా మిగతావాళ్ళ కోసం వేస్తున్నాను. పక్కింటాయన మాట వినొద్దు. పైన నీళ్ళ గొట్టం గురించి రాశాను కదా, ఆ నీళ్ళు వేరు, బకెట్ నీళ్ళు వేరు. నాటు బాంబులో మందు రాపిడికి పేలుతుంది, నొక్కితే పేలుతుంది, అందుకే పంది కొరికితే పేలుతుంది, మేతకెళ్ళిన ఆవు నమిలితే దవడ ఎగిరిపోతుంది. మీరు దాన్ని ఎత్తి బకెట్ దాకా తీసుకెళ్ళే ఆ నాలుగడుగులే ప్రమాదం, నీళ్ళ సంగతి తర్వాత.

ముట్టుకోకండి, కర్రతో కదపకండి, రాయి వేసి చూద్దాం అనుకోకండి. వచ్చిన అడుగుల్లోనే వెనక్కి రండి. దూరం నుంచి కనపడేలా చెట్టుకి గుడ్డ కట్టండి, పశువుల్ని, పిల్లల్ని, ముఖ్యంగా కుక్కల్ని అటు పోనివ్వకండి, కుక్క నోట కరుచుకుని మీ దగ్గరికే తెస్తుంది. తర్వాత 112 కి గానీ 100 కి గానీ ఫోన్ చేసి తోట గుర్తులు చెప్పండి. ఒకటి దొరికిందంటే పెట్టినవాడు ఒక్కటే పెట్టి ఉండడు, కాబట్టి మిగతా గట్లు మీరే వెతకడం మొదలుపెట్టొద్దు.

రోబో రాదు మీ తోటకి, నిజమే. జిల్లా బాంబ్ స్క్వాడ్ వాళ్ళు వస్తారు, ఒక వ్యాన్, ఒక కుక్క, ఇద్దరు ముగ్గురు మనుషులు. వాళ్ళు దూరం నుంచి కొక్కెం, పొడవాటి తాడు వేసి లాగుతారు, తాడు రెండో చివర గట్టు అవతల పడుకుని. పీటర్ మిల్లర్ మొదట చేసింది కూడా అదేగా. వాళ్ళొచ్చినప్పుడు ఎండగా ఉంటే కాస్త మజ్జిగ ఇవ్వండి, ఆ సూట్ విప్పాక.

(వచ్చే నెల: గ్యాస్ లీకైన ఫ్యాక్టరీలోకి ఎవరు ముందు వెళ్ళాలి అని పటాన్‌చెరు నుంచి ఒకాయన అడిగారు, దాని గురించి. మీ ప్రశ్నలు పోస్ట్‌కార్డు మీదే పంపినా సరే, కాకపోతే అక్షరాలు కొంచెం పెద్దగా రాయండి, నాకు కళ్ళజోడు మారింది.)